లిబెరా అనే పేరు మా లైన్లోకి వచ్చిన సంగతి

మా చెల్లెలి పేరు లిబెరా. కౌలాలంపూర్‌లో ఏ క్లినిక్కుకు వెళ్ళినా, ఏ బ్యాంకుకు వెళ్ళినా, కౌంటరు దగ్గర కూర్చున్న పిల్ల కాగితం మీద ఆ పేరు చదివి, తలెత్తి, నుదుటిన ఇంత బొట్టుతో నిలబడ్డ మా చెల్లెల్ని చూసి, మళ్ళీ కాగితంలోకి చూస్తుంది. కిరస్తానీలా ఆంటీ అని అడిగినవాళ్ళున్నారు. మలక్కా పోర్చుగీసువాళ్ళా అని అడిగినవాళ్ళూ ఉన్నారు. "సుంగై సుమున్ వాళ్ళం" అంటుంది మా చెల్లెలు, మేం పుట్టిన ఊరి పేరు చెప్పి, ఆ జవాబుతో అన్నీ తేలిపోయినట్టు.

అది టైపిస్టుగా పనిచేసిన రోజుల్లో వాళ్ళ ఆఫీసుకు ఒక ఇటలీ ఇంజనీరు వచ్చాడట. బల్ల మీద పేరు చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నాడట. అది మా ముత్తవ్వ పేరు, ఇప్పుడు మా దేశంలో ఎవరూ పెట్టుకోవడం లేదు, దక్షిణాన ఎక్కడో నాలుగు ఊళ్ళలో ముసలమ్మలకు తప్ప లేదు, నీకెలా వచ్చింది అని అడిగాడట. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పి మా చెల్లెలు తెగ నవ్వింది. ఇటలీలో వెతికినా దొరకని పేరు, పేరాక్ సముద్రతీరంలో, కొబ్బరి తోట కూలీల లైను ఇళ్ళలో, ఒకే వరసలో ఐదుగురికి ఉండేది. ఒక మేకకు కూడా ఉండేది. మేకను లెక్కలో వేయాలా వద్దా అని మేమిద్దరం ఇప్పటికీ పోట్లాడుకుంటాం.

నా పేరు చెప్పను. మా లైన్లో ఆ పేరుతో పిలిస్తే ముగ్గురం పలికేవాళ్ళం, అంతటి పేరు. చెల్లెలికి మాత్రం సముద్రాలు దాటొచ్చిన పేరు దక్కిందన్న కడుపుమంట నాకు చాలాకాలం ఉండేది. ఇప్పుడు కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు.

నాకూ దానికీ మధ్య ఎనిమిదేళ్ళ తేడా. ఆ మధ్యలో ఇద్దరు పుట్టారు. ఒకరు నెల నిండకుండానే, ఇంకొకరు బోర్లాపడే వయసులో పోయారు. మా అమ్మ వాళ్ళ గురించి మాట్లాడేది కాదు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు పాత గుడ్డలు చింపి పొత్తిళ్ళు కూడా చేసుకోలేదు. ఎందుకమ్మా అంటే, "రానీ, సూద్దాం" అనేది.

పూనుకున్నది మా నాన్నమ్మ. ఆవిడ విశాఖపట్నం దగ్గర ఓడెక్కి మలయాకు వచ్చిన మనిషి. బట్టల మూటతో పాటు వాళ్ళ ఊరి ఆచారాలన్నీ తెచ్చుకుంది. అందులో ఒకటి తవుడుకు అమ్మడం. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే, ఆ బిడ్డను చేటలో పడుకోబెట్టి, పరాయి మనిషికి గుప్పెడు తవుడుకు అమ్మేస్తారు. ఈ బిడ్డ ఈ ఇంటిది కాదు, పట్టుకుపోయినా ఇక్కడ ఏడ్చేవాళ్ళెవరూ లేరు అని మృత్యువును నమ్మించడం. కొన్నవాళ్ళే పేరు పెట్టాలి. లేదా ఆ తవుడే పేరవుతుంది. మా తాతల ఊళ్ళలో తవుడు, తవుడమ్మ అనే పేర్లకు కొదవ లేదు. మళ్ళీ కొనుక్కునేదాకా తల్లీతండ్రీ ఆ బిడ్డను మాది అనకూడదు. అది అసలు షరతు. మా నాన్నమ్మ దానికి ఏడాది గడువు పెట్టింది.

"ఏడాది నిండేదాకా నీ నోట నా కూతురు అన్న మాట రాకూడదు. ఒచ్చిందంటే మనం ఆడిన నాటకం ఆడికి తెలిసిపోద్ది" అని మా అమ్మకు గట్టిగా చెప్పింది. ఆడు అంటే యముడు. నాన్నమ్మ ఆయన్ని పక్క ఇంటి మనిషిని అన్నట్టే అనేది.

చిక్కంతా కొనే మనిషి దగ్గర వచ్చింది. లైన్లోవాళ్ళు కొనడానికి సిద్ధంగానే ఉన్నారు. నాన్నమ్మకే నచ్చలేదు. ఆవిడ లెక్క ప్రకారం ఆ వరసలో యముడు రాని ఇల్లు లేదు, కాబట్టి అందరి గుమ్మాలూ ఆయనకు తెలుసు. ఆయనకు బొత్తిగా ఎరగని మనిషి కావాలి.

అవి మలయా ఎమర్జెన్సీ రోజులు, తెల్లదొరల ప్రభుత్వం అడవిలోని కమ్యూనిస్టులతో పోరాడుతున్న కాలం. లైన్ల చుట్టూ ముళ్ళకంచె, ఒకే గేటు, గేటు దగ్గర తుపాకీతో కాపలా పోలీసు. అడవిలో ఉన్నవాళ్ళకు బియ్యం అందకూడదని గింజ గింజకూ సోదా. సాయంత్రం కాగానే గేటు మూసేవారు. అలాంటి చోటికి పరాయి మనిషి ఎవరొస్తారు? వారానికోసారి వ్యాన్‌లో ఒక నర్సు వచ్చేది. పసిపిల్లల్ని తూచి, కళ్ళల్లో మందు వేసి, పాలపొడి ఇచ్చి పోయేది. తెల్లగా, పొట్టిగా, బుగ్గల మీద ఎర్రటి మచ్చలతో ఉండేది. తెల్లతోలు ఉన్నవాళ్ళందరూ మాకు ఇంగ్లీషువాళ్ళే. దొరసాని అనేవాళ్ళం. ఆవిడ ఎన్నిసార్లు ఇటలీ, ఇటలీ అని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పినా, అదేదో జబ్బు కాబోలని మా అమ్మ అనుకునేది.

ఆ దొరసాని మీద నాన్నమ్మ కన్ను పడింది. తవుడు మాత్రం నాన్నమ్మే తెప్పించాలి. నర్సు దగ్గర తవుడెందుకుంటుంది? పట్నం బియ్యం మిల్లు నుంచి చిన్న సంచిలో తెచ్చుకుంటే గేటు దగ్గర పోలీసు పట్టుకున్నాడు. "ఆపా ఇనీ?" అన్నాడు, ఇదేమిటని. మా నాన్నమ్మకు వచ్చిన మలాయ్ అంతా కలిపితే ఇరవై మాటలు. బియ్యం అనే మాట మాత్రం నోటికి రానివ్వకుండా, కోడి కోడి అని రెండు చేతులూ రెక్కల్లా ఆడించింది. ఆయన సంచిలో వేళ్ళు పెట్టి, వాసన చూసి, తుమ్మి, వదిలేశాడు. మాకు కోళ్ళు లేవు.

మరుసటి వారం వ్యాన్ వచ్చేసరికి మా చెల్లెలు పుట్టి తొమ్మిది రోజులు. నాన్నమ్మ దాన్ని చేటలో పెట్టి గుమ్మంలో ఉంచింది. దొరసాని వచ్చి, చేటను చూసి సంబరపడి, చేటతో సహా ఎత్తి తన త్రాసులో పెట్టేసింది. బరువు చూసి తల ఊపి, అట్ట మీద రాసుకుని, చేటను మళ్ళీ గుమ్మంలో పెట్టి పక్కింటికి పోబోయింది. నాన్నమ్మ ఆవిడ కొంగు పట్టుకోబోయింది. కొంగు లేదు కదా, గౌను పట్టుకుంది. మా తోట తెలుగు బడిలో పాఠం చెప్పే మాస్టారిని పిలుచుకు రమ్మని నన్ను తరిమింది.

మాస్టారికి ఇంగ్లీషు వచ్చు. ఆయన చెప్పడం మొదలుపెట్టాక దొరసాని ముందు నవ్వింది. తర్వాత ఇద్దరు పిల్లల మాట వచ్చినట్టుంది, నవ్వు ఆగిపోయింది. గుమ్మం లోపల గోడకు ఆనుకుని కూర్చున్న మా అమ్మ వైపు చూసింది. మా అమ్మ తల పైకెత్తలేదు. దొరసాని చేతి తొడుగులు విప్పి, నాన్నమ్మ అందించిన సంచిలోంచి గుప్పెడు తవుడు తీసుకుని, మళ్ళీ నాన్నమ్మ కొంగులోనే పోసి, చేటలోంచి పిల్లను ఎత్తుకుంది. ఆవిడ ఎత్తుకున్న తీరులో ఆటలాంటిదేమీ లేదు.

"పేరు ఎట్టమను మాస్టారు బాబూ" అంది నాన్నమ్మ.

దొరసాని పిల్లను ఊపుతూ వాకిట్లో అటూ ఇటూ నడిచింది. అప్పుడు లిబెరా అంది. అది ఆవిడ అమ్మమ్మ పేరట. ఇటలీకి దక్షిణాన సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊరు. అక్కడి లిబెరా అమ్మవారు చెరలో ఉన్నవాళ్ళనూ, ఆపదలో ఉన్నవాళ్ళనూ, నొప్పులు పడే తల్లులనూ విడిపిస్తుందని నమ్మకం. పాత లాటిన్ భాషలో ఆ మాటకు స్వేచ్ఛ గల ఆడమనిషి అని అర్థం. ఆ ఊళ్ళో బావి దగ్గర నిలబడి లిబెరా అని కేకేస్తే నలుగురు పలుకుతారట. కానీ ఆవిడ నర్సు చదువుకు ఉత్తరాదికి పోయి మా అమ్మమ్మ పేరు ఇదంటే, ఆ పేరెక్కడా వినలేదని తోటి పిల్లలు నవ్వారట.

"అయితే ఆళ్ళకీ అమ్మోరున్నాది" అని నాన్నమ్మ తృప్తిగా తల పంకించింది. ఇక ఆ పేరు మీద ఆవిడకు ఏ అనుమానమూ లేదు.

దొరసాని ఇంకో సంగతి కూడా చెప్పిందట. రాజులన్నా, భూస్వాములన్నా గిట్టనివాళ్ళు కొందరు, గుడి మొహం చూడనివాళ్ళు, ఆ రాజులకూ భూస్వాములకూ మండాలనే కూతుళ్ళకు ఈ పేరు పెట్టుకునేవాళ్ళట. మాస్టారికి ఇదే ఎక్కువ నచ్చింది. కానీ ఈ ముక్క చెప్పేటప్పుడు గేటు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించారు. ఎమర్జెన్సీ రోజులు మరి.

ఆ రోజు నుంచి మా ఇంట్లో నడిచిన తంతు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది. మా అమ్మ దానికి పాలిచ్చేది, నీళ్ళు పోసేది, ఊపేది. నోటితో మాత్రం "దొరసాని పిల్ల లేచిందేటి సూడు", "దొరసాని పిల్లకి గుడ్డ మార్సు" అనేది. మా నాన్న కొబ్బరి ఎండబెట్టే కొలిమి దగ్గర పనిచేసేవాడు. పొగ వాసనతో వచ్చి, కాళ్ళు కడుక్కుని, దాని పక్కన కూర్చుని, "ఏటమ్మా, మీ అమ్మ ఎప్పుడొత్తాది నీకోసం?" అని అడిగేవాడు. నాన్నమ్మ మెచ్చుకోలుగా చూసేది. మా అమ్మ అటు తిరిగి పొయ్యి ఎగదోసేది. నేను తెలివితక్కువగా ఒకసారి బడిలో మా చెల్లెలు అన్నానని నాన్నమ్మ నాకు ఒకపూట అన్నం పెట్టలేదు. అక్కకు కూడా షరతు ఉందని నాకు ముందు చెప్పలేదు కదా అని వాదించాను. ఆ వాదనకు రెండో పూట కూడా పోయేదే, అమ్మ అడ్డు పడింది.

వానల కాలంలో లైనంతా జ్వరాలు వచ్చాయి. మా చెల్లెలికీ వచ్చింది. నాలుగో రోజు అది నాన్నమ్మ ముక్కు పట్టుకుని లాగింది. మరో నెలకు బోర్లాపడింది. మూలింటి ఆవిడకు అప్పుడు ఏడో నెల. సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి కూర్చుని, అవీ ఇవీ మాట్లాడి, చివరికి, "అత్తా, ఆ పేరు మా పిల్లకి కూడా ఎట్టుకోవచ్చేటి?" అని అడిగింది.

నాన్నమ్మ వెంటనే ఒప్పుకోలేదు. ఆ పేరు తానే ఇటలీ వెళ్ళి మోసుకొచ్చినంత బిగువుగా కూర్చుంది. చూద్దాంలే అంది. రెండు రోజులు తిప్పించుకుని, ముందు అమ్మవారికి కొబ్బరికాయ కొట్టించి, అప్పుడు ఇచ్చింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. కిరాణీ, అంటే తోట గుమాస్తా, ఇంట్లో ఒక లిబెరా. పంపు దగ్గర ఇంట్లో ఒక లిబెరా. చివరింటివాళ్ళకు కొడుకు పుట్టాడు, అయినా వాళ్ళు వదులుకోలేదు, లిబెరయ్య అన్నారు. ఈనిన పిల్లలన్నీ చచ్చిపోయే ఒక మేక మూలింటివాళ్ళకుండేది. దాని పిల్లకూ పెట్టారు. అదీ బతికింది. దాంతో ఆ పేరు మహిమ మీద లైన్లో ఎవరికీ నోరెత్తే పని లేకపోయింది. మా అమ్మకు మాత్రం ఇదంతా గుచ్చుకునేదని నాకు తర్వాత అర్థమైంది. మూలింటి ఆవిడ తన పిల్లను చంకనేసుకుని, "మా లిబెరా, నా తల్లి లిబెరా" అని లైనంతా తిరిగేది. పేరు మా ఇంటి నుంచి పోయింది, మా అని అనుకునే హక్కు మాత్రం మా ఇంట్లో లేదు.

దొరసాని ఏడాది నిండేదాకా ఉంటుందనీ, ఉండి పిల్లను తిరిగి అమ్ముతుందనీ అందరం అనుకున్నాం. సగం ఏడాది కాకముందే ఆవిడను వేరే రాష్ట్రానికి పంపేశారు. వ్యాన్‌లో ఇంకో నర్సు వచ్చింది. కొన్నాళ్ళకు మాస్టారి పేర ఉత్తరం వచ్చింది, లిబెరా ఎలా ఉంది, ఎంత బరువుంది అని. మా అమ్మకు ప్రాణం లేచొచ్చింది. పిల్లను ఇచ్చేశానని ఆవిణ్ణి ఉత్తరంలో రాయమని అడగండి మాస్టారూ అంది.

"కాయితం మీద పిల్లని ఇస్తారేటి?" అంది నాన్నమ్మ. "గడువు నిండనీ. అమ్మోరి కాడ కొనుక్కుందాం."

మా అమ్మ రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. ఆ గీతలు నేను చెరిపేస్తానేమోనని నన్ను ఆ గోడ దగ్గర కూర్చోనిచ్చేది కాదు.

అలా పది రోజులు మిగిలాయి. మెర్డెకాకు, అంటే మలయాకు స్వాతంత్ర్యం వచ్చే రోజుకు, ఇంకా నాలుగు రోజులుంది. బడి ముందు కొబ్బరాకులతో పందిరి కట్టాం. కొత్త జెండాలో చారలెన్నో ఎవరికీ గట్టిగా తెలియక మాస్టారు పత్రిక ముక్క పట్టుకుని ఎంచుతూ ఉండేవారు. ఆ హడావిడిలో ఒక మలాయ్ ఆఫీసరు, కుర్రాడు, లావుపాటి పుస్తకం వేసుకుని వచ్చి బడి వరండాలో బల్ల వేయించుకున్నాడు. పుట్టుక రాయించని పిల్లలుంటే ఇవాళే రాయించుకోండి, మళ్ళీ తోటకు రాను, తర్వాత తెలుక్ ఆన్సన్ కోర్టుకెళ్ళి ప్రమాణాలు చేసుకోవాలి అన్నాడు. కొత్త దేశంలో కాగితం లేనివాళ్ళ గతి ఏమవుతుందో ఎవరికి తెలుసు అని మాస్టారు ఇంటింటికీ తిరిగి చెప్పారు.

మా చెల్లెలి పుట్టుక రాయించలేదు. ముందు పోయిన ఇద్దరివీ మా నాన్న పుట్టగానే రాయించాడు. రెండుసార్లూ అదే పుస్తకంలో చావు కూడా రాయించాల్సి వచ్చింది. మూడోసారి ఆయన ఆ పుస్తకం దగ్గరకు పోలేదు.

ఆ రోజు నాన్న కొలిమి వదిలి రాలేకపోయాడు. మా అమ్మ పిల్లను చంకనేసుకుని వరసలో నిలబడింది. వెనక నేను. నాన్నమ్మ పందిరి గుంజ దగ్గర కూర్చుని మమ్మల్నే చూస్తోంది. మా వంతు వచ్చింది.

"అనాక్ సియాపా?" అన్నాడు ఆఫీసరు తలెత్తకుండా.

"ఎవరి బిడ్డ అంటున్నారమ్మా" అన్నారు మాస్టారు.

"దొరసాని బిడ్డండి" అంది మా అమ్మ. ఏడాదిగా అలవాటైన నోరు అది. ఆలోచించేలోపే వచ్చేసింది.

వరసలో నవ్వులు లేచాయి. ఆఫీసరు నవ్వలేదు. కలం కింద పెట్టి, ఆ దొరసాని ఎక్కడుంది అని అడిగాడు. మాస్టారు గబగబా ఏదో చెప్పబోయారు. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. తల్లి వచ్చి నాది అని తన నోటితో చెప్పాలి, అది రూలు, తర్వాతి మనిషి రండి అన్నాడు.

మా అమ్మ పక్కకు జరిగింది. పది రోజులు. ఇప్పుడు నాది అంటే ఏడాదిగా పడిన పాటంతా వృథా అయి పిల్లకేమైనా అవుతుందని భయం. అనకపోతే పిల్లకు దేశమే ఉండదు. మా తర్వాత మూలింటి ఆవిడ నిలబడింది. పేరు లిబెరా అని రాయించింది. తల్లెవరు అంటే, "నాను కాకపోతే ఇంకెవులు?" అని నవ్వింది. ఆఫీసరు రాసుకున్నాడు.

మా అమ్మ ఆ కలం కదలడం చూసింది. చూసి, వరసను తోసుకుని మళ్ళీ బల్ల ముందుకొచ్చి నిలబడింది. నాన్నమ్మ వైపు చూడలేదు.

"నాది" అంది. "ఇది నా కూతురు. నాను కన్నాను. రాసుకోండి."

ఆమె గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. ఆఫీసరు ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. ఇందాక కాదన్నావు, ఇప్పుడు నీదంటున్నావు, ఏది నమ్మాలి, సాక్షి ఎవరు అన్నాడు.

ఎవరో నాన్నమ్మ పేరు అన్నారు. నేను భయంతో కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నాన్నమ్మ బల్ల దగ్గర ఉంది. బొటనవేలు సిరాలో ముంచి ఎక్కడ వెయ్యాలన్నట్టు మాస్టారి వైపు చూస్తోంది.

"దీని కడుపునే పుట్టింది బాబూ. బొడ్డు కోసింది నానే" అంది. వేలిముద్ర వేసింది. అప్పుడు మా అమ్మ వైపు తిరిగి, కోపం లేకుండా, "ఇంకేటి ఎదురుసూపు. సాల్లే" అంది.

పేరు రాస్తూ ఆఫీసరు ఆగి, ఇందాక కూడా ఇదే పేరు రాశాను, ఏమిటి దీనర్థం అని అడిగాడు. మాస్టారు ఆ క్షణం కోసమే ఏడాదిగా కాచుకున్నట్టున్నారు. "మెర్డెకా, తువాన్" అన్నారు, స్వేచ్ఛ అండీ అని, ఈసారి గొంతు ఏమాత్రం తగ్గించకుండా. ఆఫీసరు మొహం విప్పారింది. "మెర్డెకా లా" అని నవ్వి, మా చెల్లెలి బుగ్గ మీద సిరా వేలితో తట్టాడు.

మా అమ్మ ఇంటికి పోలేదు. పిల్లను ఎత్తుకుని తిన్నగా కొలిమి వైపు నడిచింది. ఆమె వెనక పరుగెత్తలేక నేను రొప్పుతున్నాను. దారిలో కొబ్బరికాయల బండివాడు కనిపిస్తే, వాడేమీ అడగకుండానే, "నా కూతురు" అంది. గేటు పోలీసుకు చెప్పింది. ఆయనకు తెలుగు రాదు, అయినా తల ఊపాడు. పీచు ఒలుస్తున్న ఆడవాళ్ళకు చెప్పింది. వాళ్ళు పని ఆపి, నాలుగు రోజుల కింద పుట్టిన బిడ్డను చూసినట్టు దాన్ని చూశారు.

నాన్న కొలిమిలో చిప్పలు ఎగదోస్తున్నాడు. మొహమంతా మసి. మా అమ్మ ఆయన ముందు నిలబడి, "నా కూతురి పేరు రాయించినాను" అంది.

నాన్న పార పట్టుకునే ఉండిపోయాడు. "పది రోజులుండాలి కదే" అన్నాడు నెమ్మదిగా. "మాయమ్మ ఏటందీ?"

"వేలు ఎట్టింది. నువ్వూ అనొచ్చు."

ఆయన పార కింద పెట్టాడు. రెండు చేతులూ లుంగీకి తుడుచుకున్నాడు, ఎంత తుడిచినా ఆ మసి పోయేది కాదు. పిల్లను అందుకుని, పొగకు నీళ్ళు కారే కళ్ళతో దాని మొహంలోకి చూసి, "నా కూతురు" అన్నాడు. ఒక్కసారి అని ఊరుకోలేదు. కొలిమి చల్లారిపోతోందని పక్కవాళ్ళు కేకలేస్తున్నా వినకుండా, అంటూనే ఉన్నాడు.